మేకుకు తగిలించిన బ్యాడ్జీ

…అసలు తొందరపడని మనిషిని చూస్తే ఇంత భయం ఎందుకు వేస్తుంది? దొంగతనానికి వెళ్లినవాడు తొందరపడతాడు. నిప్పు పక్కన కూర్చున్నవాడు తొందరపడతాడు. ఈయన మాత్రం స్పానర్ అందుకున్నాడు, దాని మూతిని చొక్కా చేతికి తుడిచాడు, సైజు సరిపోదనుకుని కింద పెట్టాడు, ఇంకొకటి వెతుక్కుంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో సైకిలు బాగుచేసుకుంటున్నట్టు.

అతను తెర మీద నుంచి చూపు తిప్పి తన చేతి గడియారం వైపు చూశాడు. అది టైము చూపించడం లేదు. 31 అని చూపిస్తోంది.

ముప్పై ఒకటి మిల్లీసీవర్టుల రేడియేషన్. ఒక పనివాడి ఒంటికి ఏడాది మొత్తంలో తగలొచ్చని చట్టం ఒప్పుకునేది ఇరవై. తెర మీద కనిపిస్తున్న మేస్త్రి మెషీన్ గదిలోకి వెళ్లి నిమిషం అయింది.

ఆ సంఖ్యను పంపుతున్నది మేస్త్రి జేబులోని మార్కర్ పెన్ను. మామూలు పెన్ను లాగే ఉంటుంది, రాస్తుంది కూడా. లోపల ట్రాన్స్‌మిటర్, దాని పక్కన బియ్యపుగింజంత డిటెక్టర్. పొద్దున డ్రెస్సింగ్ రూములో "మామా, నీ పెన్ను కింద పడింది" అంటూ తనే ఆ జేబులో పెట్టాడు. మేస్త్రి "బతికించావు" అన్నాడు.

చెవిలో గొంతు పలికింది. "పెళ్లికూతురు లేచిందా?"

పెళ్లికూతురంటే రేకు. కోడ్ వర్డులు పెట్టే సెక్షన్‌లో ఎవరికో ఆ నెల కూతురి పెళ్లి.

"సంఖ్య పెరుగుతోంది బాబాయ్" అన్నాడు.

"అంటే రేకు తీసుకున్నాడు."

"తీసుకోలేదు. చేతిలో స్పానరే ఉంది."

"కెమెరాకి అన్నీ కనిపించవు. కదలకు. తీసుకుని గేటు దాటనీ. బయట అందుకునేవాడు మనకి కావాలి."

ఏజెన్సీలో చీఫ్‌ని అందరూ బాబాయి అంటారు. ఎవరికీ సొంత బాబాయి కాడు. ఐదు వారాల కిందట ఆయన టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టాడు. మొదటి దాని మీద కారు సీటు ఫోటో. ఒక శాస్త్రవేత్త ఆరు వారాల పాటు ఆ సీటు మీద కూర్చుని ఆఫీసుకి వెళ్లొచ్చాడు. ఏడో వారం ఆస్పత్రిలో పోయాడు. సీటు కుట్టు విప్పితే బొటనవేలి గోరంత లోహపు రేకు దొరికింది, రేడియేషన్ చిమ్ముతూ.

"ఆస్పత్రి స్కానింగులకి ఐసోటోపులు తయారుచేసే మెషీన్‌లోది. సైక్లోట్రాన్. వాడేసిన రేకులు సీసపు కుండలో దాచి చల్లారనిస్తారు. ఒకటి వేరే ప్లాంటు నుంచి విదేశీ ముఠా చేతికి చేరింది. రెండోదానికి ఈ ప్లాంటులో ఆర్డరు ఇచ్చారు. ఈసారి ఎవరి సీటో తెలియదు."

"లోపల మనిషి ఎవరు?"

బాబాయి రెండో కాగితం జరిపాడు. పనివాళ్ల రేడియేషన్ డోసుల పట్టిక. "మేస్త్రిని చూడు. ముప్పై ఏళ్లుగా ఆ మెషీన్ రిపేర్లు ఆయనవే. ఏడాది డోసు ఒకటిన్నర. బయట గదిలో మీటలు నొక్కే ఆపరేటర్‌కే రెండు ఉంది. ఏమర్థమైంది?"

"లోపలికి వెళ్లడం లేదు."

"మరి ఆ టైములో ఎక్కడుంటున్నట్టు? ఎవరిని కలుస్తున్నట్టు?"

ఎంత శుభ్రమైన లెక్క! అప్పుడతనికి కూడా నచ్చింది. మనిషిని చూడకుండా మనిషిని పట్టుకోవడం ఈ వృత్తిలో అందరికీ నచ్చే పని. హెల్పర్ వేషంలో చేరాడు. వచ్చిన మొదటి వారం ఏ పనీ చేతకాక బెంచీ మీద కూర్చుంటే, మేస్త్రి, వెల్డరూ కలిసి "కొత్తల్లుడు" అని పేరు పెట్టారు. ఆ పేరే ఉండిపోయింది.

తెర మీద మేస్త్రికి సరైన స్పానర్ దొరికింది. గడియారం మీద 64.

"మీ వేలు నొప్పి పుడుతుంది" అంది పక్క కుర్చీలోని ఆవిడ.

అప్పుడు చూసుకున్నాడు. చూపుడు వేలు ఇంటర్‌కామ్ బటన్ మీద ఉంది. నొక్కలేదు. ఆకుపచ్చ బటన్, ఎందరి వేళ్లకో మధ్యలో నునుపు తేలింది. నొక్కి ఒక్క మాట అంటే చాలు. బయటికి రా మామా. మూడు సెకన్ల పని.

"తీసెయ్యండి. అలవాటులో నొక్కేస్తారేమో" అంది ఆవిడ.

మెషీన్ అమ్మిన కంపెనీ ప్రతినిధి ఆవిడ. బూడిద రంగు సూటు, చెవులకు రెండు ముత్యాలు. అందరి ఒంటి మీదా గ్రీజు వాసన ఉండే ఆ భవనంలో ఆవిడ నడిచి వెళ్లిన వరండా కాసేపు వేరే భవనంలా ఉండేది. ఆపరేటర్లు కాలర్లు సర్దుకునేవాళ్లు. మేస్త్రి ఒక్కడే "అమ్మా, బూట్లకి కవర్లు వేసుకోండి, రూలంటే అందరికీ రూలే" అనేవాడు. ఆవిడ ముఠాకి ఆరేళ్లుగా పనిచేస్తోంది. రెండేళ్ల నుంచి ఏజెన్సీకి కూడా. మేస్త్రి ఈ రోజే రేకు తీస్తాడని కబురిచ్చింది ఆవిడే. కోడ్‌నేమ్ ముత్యం.

"కుండ మూత ఎవరు తీశారు?" అడిగాడు.

"నేనే. పొద్దున. ఆయన పని తేలికవ్వాలి కదా."

"గోడ మీటర్ మోగడం లేదు."

"క్యాలిబ్రేషన్ చేశాను. ఆయన చేతిలో ఉన్న మీటర్ కూడా. రెండూ ఆకుపచ్చే చూపిస్తాయి." చిన్నగా నవ్వింది. "మీ బాబాయికి అన్నీ తెలుసు."

"బాబాయ్?" అన్నాడు చెవిలోని గొంతుతో.

జవాబొచ్చింది. "మెషీన్‌కి ముప్పై ఏళ్ల పరిచయం ఉన్నవాడు. మూత తీసి ఉంటే తెలియదా? తెలిసే వెళ్లాడు."

95.

తెలిసినవాడు అలా పడుకుంటాడా? మేస్త్రి ఇప్పుడు మెషీన్ కింద వెల్లకిలా పడుకుని, భుజాల దాకా లోపలికి జరిగాడు. గాలి చొరబడకుండా బిగించే సీలింగ్ రింగు మార్చాలి. తెర మీద నడుము నుంచి కాళ్ల వరకే కనిపిస్తున్నాడు. ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకున్నాడు. పై పాదం తాళం వేస్తోంది. సీసపు కుండ కెమెరాకి అందని మూలలో ఉంది, ఆయన నడుముకి మూరెడు దూరంలో.

లోపలి మైకు తెరిచే ఉంది. ఫ్యాన్ల హోరులోంచి గొంతు వినిపించింది.

"అల్లుడూ, మేలుకునే ఉన్నావా?"

బటన్ నొక్కాలి. జవాబు ఇవ్వకపోతే అనుమానం వస్తుంది, నొక్కవచ్చు. నొక్కాడు.

"ఉన్నాను మామా."

"మాట్లాడుతూ ఉండు. వెల్డరుగాడైతే బుర్ర తినేస్తాడు. నువ్వు మరీ గోడలాగున్నావు."

"ఏం మాట్లాడను?"

"ఇంటర్వ్యూలాగా అడుగుతావేంట్రా! ఏదో ఒకటి."

వేలు ఇంకా బటన్ మీదే ఉంది. నాలుక కూడా సిద్ధంగానే ఉంది. ఆ ఒక్క మాటా దంతాల వెనక్కి వచ్చి నిలబడింది. ఆవిడ అతని ముఖాన్ని చూస్తోంది, పాలు పొంగుతాయా లేదా అని చూసేవాళ్లలా.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు చివరికి.

"రెండు టర్నులూ నావే కదా ఇవాళ. ఏడూ ఏడూ పద్నాలుగు నిమిషాలు."

బటన్ వదిలేశాడు. రెండో టర్ను వెల్డర్‌ది. వెల్డర్ భార్యని పొద్దునే ప్రసవానికి ఆస్పత్రిలో చేర్చారు. "నేను వెళ్తాను మామా" అని తను అన్నాడు, నిజంగానే. మేస్త్రి కొట్టిపారేశాడు. "నీకింకా పిల్లల్లేరు, లోపల వేడి మంచిది కాదు. నాకున్న ముగ్గురూ ముసలివాళ్లయిపోతున్నారు." రేడియేషన్‌ని అక్కడ అందరూ వేడి అంటారు. చెవిలో బాబాయి కూడా అప్పుడే వద్దన్నాడు. ఇద్దరు వద్దంటే తను ఆగిపోయాడు. ఎవరి మాటకి ఆగాడో తేల్చుకోవాలని అప్పటి నుంచీ ప్రయత్నిస్తున్నాడు.

డ్రెస్సింగ్ రూములో మేస్త్రి ఇంకో పని చేశాడు. ఒంటికి తగిలే రేడియేషన్‌ని లెక్కకట్టే డోసు బ్యాడ్జీని చొక్కా నుంచి తీసి తలుపు వెనక మేకుకు తగిలించాడు. "నీదీ ఇటివ్వు" అన్నాడు.

"ఇది వేసుకోవాలి కదా మామా?"

"వేసుకుంటే ఇరవై దాటుతుంది. దాటితే ఏడాదంతా గేటు దగ్గర కూర్చోబెడతారు. అప్పుడు ఇద్దరి వేడి వెల్డరుగాడొక్కడే తినాలి. వాడు కూర్చుంటే నేను. మూడోవాణ్ని ఇవ్వమని తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాం. నిన్నిచ్చారు." నవ్వాడు. "ఇన్నాళ్లూ నీ ఎదురుగా తియ్యలేదులే. ఎవరి మనిషివో ఏమోనని."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంది. మనవాడివే."

డోసు ఒకటిన్నర ఎందుకుందో ఆ మేకును చూస్తే అర్థమైంది. లోపలికి వెళ్లనివాడి లెక్క కాదది. అందరికంటే ఎక్కువ వెళ్లేవాడి లెక్క. టాయిలెట్‌లో కుళాయి తిప్పి ఆ మాట బాబాయికి చెప్పాడు.

"అలా అని ఎవరు చెప్పారు?"

"ఆయనే."

"దొంగ కాక ఇంకెవరు చెప్తారు? ప్లాన్ మారదు."

ఇప్పుడు తెర మీద ఆ పాదం ఇంకా తాళం వేస్తూనే ఉంది. 128.

ముత్యాలావిడ లేచి సీసం పొర ఉన్న తన పెట్టె అందుకుంది. "గోడ మీటర్ ఒకసారి చూసొస్తాను. మధ్యలో మోగితే అందరం ఇబ్బందిపడాలి."

తలుపు మూసుకుంది. గదిలో అతనూ, ఆ సంఖ్యా మిగిలారు.

ఏమీ చెయ్యవద్దన్న ఆర్డరు అతనికి కొత్త కాదు. ఒకసారి వేరే ఊళ్లో, కిటికీ పక్కన నిలబడి, తనకు కబుర్లు చేరవేసే మనిషిని నలుగురు వ్యానెక్కించడం చూశాడు. అప్పుడు ఎదురు భవనానికి కిటికీలు లెక్కపెట్టాడు. నలభై నాలుగు. ఆ మనిషి ముఖం ఇవాళ గుర్తులేదు, కిటికీలు గుర్తున్నాయి. తనలో ఎవరో ఒకడు అప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆపలేదు. భయం కాదు. బాబాయంటే అతనికి భయం లేదు. చెవిలోంచి మాట వస్తే తప్ప చేతిలోకి కదలిక రాని మనిషిగా తను ఎప్పుడు తయారయ్యాడో, అది తెలియడం లేదు. చిన్న చిన్నగా అయి ఉంటుంది. డోసు లాగే. తగిలినప్పుడు ఏమీ అనిపించదు.

163. 187. 205.

212.

మళ్లీ చూశాడు. 212. పది సెకన్లు గడిచాయి. 212. ఇరవై. గడియారాన్ని వేలితో కొట్టాడు. పెన్ను పాడైందా? సిగ్నల్ చుక్క వెలుగుతూనే ఉంది. మేస్త్రి కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. అంటే కదిలింది మేస్త్రి కాదు. ఆయన పక్కన మండుతున్నది కదిలిపోయింది.

మెషీన్ కింద తల దూర్చుకున్నవాడికి, ఆ ఫ్యాన్ల హోరులో, వెనక ఎవరొచ్చి వెళ్లారో ఎలా తెలుస్తుంది? ఏజెన్సీ కళ్లన్నీ ఆయన జేబు మీదే ఉన్నప్పుడు ఇంకొకరి పెట్టె వైపు ఎవరు చూస్తారు?

"బాబాయ్. రేకు వెళ్లిపోయింది. మేస్త్రి తియ్యలేదు. ముత్యం తీసింది."

"ఆమె మన మనిషి."

"అయితే రేకు ఎవరి దగ్గరుంది?"

వరండా కెమెరా తెర మీద బూడిద రంగు సూటు కనిపించింది. తొందర లేకుండా నడుస్తోంది. చేతిలో పెట్టె.

"గేటు వైపు వెళ్తోంది బాబాయ్. ఆపనా?"

"కదలకు. ఆమెని ఆపాలంటే పైవాళ్ల పర్మిషన్ కావాలి. లైన్లో ఉండు."

లైన్లో ఉన్నాడు. కుర్చీ చేతుల్ని పట్టుకుని ఉన్నాడు. లేవడానికి సరిపడా బలం చేతుల్లో ఉంది, అది అతనికి తెలుస్తోంది. మొదటి తలుపు దాటింది. కార్డు చూపించింది. గార్డు సెల్యూట్ కొట్టాడు. ఇంకా మూడు తలుపులు.

తెర మీద మేస్త్రి మెషీన్ కింద నుంచి జరిగి బయటికొచ్చి, నడుము పట్టుకుని లేచాడు. పద్నాలుగు నిమిషాలు. బయటికి రావచ్చు. రాలేదు. మూలన ఉన్న పొడుగాటి కర్ర తీశాడు. దాని చివర అద్దం ముక్క ఉంటుంది. పని అయ్యాక కుండలో రేకులు లెక్కపెట్టనిదే ఆయన గడప దాటడు. రూలు పుస్తకంలో లేదది. ఎప్పుడో ఒక రేకు కనిపించకపోతే మూడు రోజులు వెతికి బూటు అడుగున అంటుకుని ఉండగా పట్టుకున్నారట, అప్పటి నుంచి ఆయన పెట్టుకున్న పద్ధతి. రెండో రేకు కోసం ఇంత పెద్ద ప్లాన్ వేసినవాళ్లకి ఆ కర్ర సంగతి తెలియదు. అది ఏ కాగితం మీదా లేదు.

కర్ర చాపినవాడు అలాగే ఆగిపోయాడు.

"అల్లుడూ."

"మామా."

"మూత తీసే ఉందిరా."

ఏమీ చెప్పకు, అన్నాడు బాబాయి చెవిలో.

"నేను వెయ్యలేదా? పోయిన వారం నేనే కదా…" గొంతు తగ్గింది. "వేశాననే అనుకున్నానే. మీటర్ కూడా ఏం అనలేదు." కర్ర అద్దాన్ని ఇంకొంచెం లోపలికి జరిపాడు. "రేకుల లెక్క పుస్తకంలో ఎన్నున్నాయో చూడు."

పుస్తకం తెరిచాడు. "పన్నెండు."

"ఇక్కడ పదకొండే. పాతవన్నీ ఉన్నాయి. కొత్తది లేదు."

వరండా తెర మీద ఆవిడ మూడో తలుపు దాటింది. నాలుగో తలుపు అద్దంలోంచి వీధి కనిపిస్తోంది, ఆగి ఉన్న కారు కనిపిస్తోంది. పర్మిషన్ వస్తోంది, ఒక్క నిమిషం, అన్నాడు బాబాయి.

మేస్త్రి ఎవరినీ ఏమీ అడగలేదు. రెండడుగులు వేసి గోడ వెంబడి ఉన్న ఎర్ర తాడు పట్టుకుని లాగాడు.

భవనం మొత్తం ఒక్కసారి అరిచింది. బయటికి వెళ్లే తలుపులన్నీ ఒకే చప్పుడుతో బిగుసుకున్నాయి. ముత్యాలావిడ చెయ్యి నాలుగో తలుపు పిడి మీద ఉంది. లాగింది. మళ్లీ లాగింది. అద్దం అవతల కారు కాసేపు ఆగి, మెల్లిగా కదిలి వెళ్లిపోయింది. బాబాయి మనుషులు వీధి చివర దాన్ని ఆపారు.

"పర్మిషన్ వచ్చేసింది" అన్నాడు బాబాయి.

గంట తర్వాత పెట్టె తెరిచారు. రేకు దొరికింది. "నేను మీ మనిషినే, మీ బాబాయిని అడగండి" అని ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. ఆవిడెవరో తనకు తెలియదని బాబాయి అంతే మర్యాదగా చెప్పాడు.

ప్లాంటు డాక్టరు గదిలో ఒక బల్ల, తూకం మిషను, కంటి పరీక్ష చార్టు ఉన్నాయి. మేస్త్రి స్నానం చేసి, తడి తలతో, ఎవరివో వదులు బట్టలేసుకుని కూర్చున్నాడు. బ్యాడ్జీ చొక్కాకి పెట్టి ఉంది. దారిలో డ్రెస్సింగ్ రూముకి వెళ్లి తగిలించుకొచ్చాడు.

డాక్టరు బ్యాడ్జీని రీడర్‌లో పెట్టి చూశాడు. "ఏమీ లేదే. లోపల ఇది వేసుకునే ఉన్నారా?"

"వేసుకోకుండా ఎలా వెళ్తామండీ."

"అయితే మీ అదృష్టం బాగుంది. సోమవారం పనిలోకి రావచ్చు." ఫారం జరిపాడు. "ఏం జరిగిందో రాసి సంతకం పెట్టండి."

మేస్త్రి వంగి మెల్లిగా రాశాడు. పక్క నుంచి అతనికి కనిపించింది. కారణం అన్నచోట: 'నా మరుపు. కుండ మూత నేను వెయ్యలేదు.'

"మామా, అలా ఎందుకు రాశావు?"

"మరి ఎవరు తీస్తారు? దెయ్యాలా?" నవ్వబోయాడు. "వయసైపోతోంది అల్లుడూ. ఇంట్లో కూడా గ్యాసు కట్టేశానా లేదా అని రెండు సార్లు లేస్తున్నా. ఇవాళ వెల్డరుగాడు లోపల ఉండుంటే? నా మరుపుకి వాడు…" మాట ఆపి చేతుల వైపు చూసుకున్నాడు.

చెవిలో బాబాయి ఉత్సాహంగా ఉన్నాడు. "బ్రహ్మాండం. తాడు లాగించింది నువ్వేనని రిపోర్టులో రాస్తున్నాం. మూత సంగతి ఆ ముసలాయన మరుపు కింద పోతుంది. తనే ఒప్పుకుంటుంటే మనకేం? ఆ పెన్ను వెనక్కి తీసుకుని వచ్చేయ్."

పెన్ను తడిసిన బట్టలతో పాటు సంచిలో ఉంది. గడియారం మీద 212 ఉంది. పదేళ్ల కోటా. చంపేంత కాదు, వదిలేసేంత కూడా కాదు. రేపు రక్తం తీసి చూడాలి, వారం తర్వాత మళ్లీ చూడాలి, ఇక ఎన్నేళ్లు చూడాలో తెలియదు. ఆ లోపలికి మాత్రం మళ్లీ పంపకూడదు. సోమవారం మేస్త్రి ఆ మూత రెండు సార్లు, నాలుగు సార్లు వేసి చూసుకుంటాడు. వేసిన తన చేతుల్ని నమ్మడు. పది నిమిషాలు పట్టే పనికి పదిహేను నిమిషాలు లోపలే ఉంటాడు.

"డాక్టరు గారూ" అన్నాడు.

"చెప్పు."

"ఆయన బ్యాడ్జీ వేసుకోలేదు."

"అల్లుడూ!" అన్నాడు మేస్త్రి. అది కోపం కాదు. మేకు మీద నుంచి ఏదో కింద పడేసినవాణ్ని చూసినట్టు చూశాడు.

"రెండు వందల పన్నెండు మిల్లీసీవర్టులు తగిలాయి. ఏడు నిమిషాలు, మూరెడు దూరం. మూత ఆయన మర్చిపోలేదు. కావాలని తీసి పెట్టారు. ఆయన లోపల ఉండగానే నాకు తెలుసు."

ఏం చేస్తున్నావు, అన్నాడు బాబాయి.

డాక్టరు కళ్లజోడు తీశాడు. మేస్త్రి చాలా చిన్నగా అడిగాడు. "నేను మర్చిపోలేదా?"

"లేదు మామా."

"నువ్వక్కడ కూర్చుని చూస్తున్నావా?"

దీనికి జవాబు అవునే. ఆ మాటే అన్నాడు. మేస్త్రి తల తిప్పుకుని కంటి చార్టులోని పెద్ద అక్షరం వైపు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు మేస్త్రి రాసిన ఫారం పక్కన పెట్టి కొత్తది తీశాడు. "ఇది రికార్డుకి వెళ్తుంది. కమిటీ చూస్తుంది. రేపు నువ్వెవరివో వాళ్లు వాకబు చేస్తారు. ఆ మనిషి లేడని తేలితే ఈ కాగితం చిత్తు కాగితమే, ఈయన డోసు మళ్లీ సున్నా. తెలుస్తోందా?"

తెలుస్తోంది. హెల్పర్‌గా తనకున్న పేరుతో ఈ లోకంలో ఎవరూ పుట్టలేదు. అతను చెవిలో మాటలు విన్నాడు, చాలా మాటలు, ఒకదాని మీద ఒకటి. కాగితం తన వైపు తిప్పుకున్నాడు. సాక్షి అన్న గీత మీద సంతకం పెట్టాడు.

"ఇది చదవడం రావట్లేదు. కింద విడి అక్షరాల్లో పూర్తి పేరు రాయి" అన్నాడు డాక్టరు.

పదకొండేళ్లుగా రాయని సొంత పేరు. ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది. కాగితం కింద కార్బన్లు రెండున్నాయి. మూడు కాపీల మీదా పడేలా ఆ రహస్య గూఢచారి కాస్త గట్టిగా నొక్కి రాశాడు.